‘ఒంట్లో బలం పెరగాలి’ అని ఇంట్లో, ‘తగ్గించాలి’ అని డాక్టరు... నేనెవరి మాట వినాలి?

తిరుపతి నుంచి ఒక పాఠకురాలు ఆరు పేజీల ఉత్తరం రాశారు. పేరు వద్దన్నారు. అందులోని సంగతి క్లుప్తంగా ఇది.

వయసు 28, బరువు 60 కిలోలు. పుట్టిల్లు చిత్తూరు దగ్గర పల్లె. పెళ్లయి మూడేళ్లు. అత్తమామలతో కలిసి తిరుపతిలో కాపురం, ఒక ప్రైవేటు ఆఫీసులో లెక్కలు చూసే ఉద్యోగం. రెండేళ్ల కిందట వేళ్ల కణుపులు వాచి, పొద్దున లేస్తే పాలగిన్నె దించడానికి కూడా చెయ్యి సహకరించేది కాదు. పుత్తూరు తీసుకెళ్తే, కట్టు కట్టేవాళ్లే చెయ్యి పట్టి చూసి ‘ఎముక బాగానే ఉంది, రక్తపరీక్ష చేయించండి’ అని పంపేశారు. ఆ తర్వాత ఎండలోకి వెళ్తే బుగ్గల మీద ఎర్రటి దద్దు, దువ్వెన నిండా జుట్టు, సాయంత్రానికి సన్నజ్వరం. చివరికి వేలూరులో లూపస్ అని, అంటే ఒంటి రక్షణ కణాలు సొంత ఒంటి మీదే దాడి చేసే జబ్బని తేలింది. మూత్రంలో ప్రొటీన్ పోతుండటంతో కిడ్నీ నుంచి చిన్న ముక్క తీసి పరీక్షించారు. అప్పటి నుంచి హైడ్రాక్సీక్లోరోక్విన్ రోజుకు 300 మిల్లీగ్రాములు, మైకోఫెనోలేట్ రెండు పూటలా ఒక్కో గ్రాము వాడుతున్నారు. ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ మొదట్లో ఎక్కువ మోతాదు, ఇప్పుడు 5 మిల్లీగ్రాములు. ఏడాదిన్నరలో ఒళ్లు కుదుటపడింది.

గొడవ ఇక్కడ మొదలైంది. ‘ఇవి రోగనిరోధక శక్తిని తగ్గించే మందులు’ అని డాక్టరు అన్న మాట అత్తగారి చెవిన పడింది. ‘మన ఒళ్లు మనల్నే తింటాదా యాడన్నా? బలం లేక వచ్చిన జబ్బుకి బలం తగ్గించే మాత్రలేంది? వీటివల్లే కడుపు పండ్లేదు’ అంటూ రోజూ పొద్దున తిప్పతీగ కషాయం, రాత్రి పాలల్లో అశ్వగంధ పొడి ఇస్తున్నారు. భర్త మంచివాడే కానీ తల్లికి ఎదురుచెప్పడు. ఇటు పుట్టింటివాళ్లు, ‘చెల్లికి సంబంధాలు చూస్తున్నాం, నీ జబ్బు సంగతి బయటికి పొక్కనీయొద్దు’ అంటున్నారు. ‘ఎవరికీ చెప్పకుండా మూడు వారాలుగా మైకోఫెనోలేట్ మానేశాను. మిగతా రెండూ వేసుకుంటున్నాను. ఏమీ తేడా తెలియడం లేదు. నెల తప్పితే చాలని ఎదురుచూస్తున్నాం. అసలు అందరి ఒళ్లూ ఊరుకుంటే నా ఒళ్లే నా మీద ఎందుకు తిరగబడింది? కొండకు నడిచొస్తానని, తలనీలాలు ఇస్తానని మొక్కుకున్నాం, అది తీర్చుకోవచ్చా?’ అని అడిగారు.

జవాబు:

అమ్మా, మీరు అడిగినవన్నీ ఒకదానికొకటి ముడిపడి ఉన్నాయి, విడివిడిగా చెప్తాం. అయితే వాటికన్నా ముందు, ఈ ఒకటి రెండు రోజుల్లో చేయాల్సిన పనులు కొన్ని ఉన్నాయి.

మొదట గర్భపరీక్ష చేసుకోండి. మెడికల్ షాపులో దొరికే స్ట్రిప్‌తో, పొద్దున మొదటి మూత్రంతో చేస్తే చాలు. మైకోఫెనోలేట్ వాడుతున్నప్పుడు గర్భం వస్తే అది నిలవకపోవడం మామూలుకన్నా చాలా ఎక్కువ. నిలిచినా బిడ్డకు చెవులు సరిగా ఏర్పడకపోవడం, పెదవి, అంగిలి చీలి ఉండటం లాంటి లోపాలు రావచ్చు. అందుకే గర్భానికి ప్రయత్నించే ముందు కనీసం ఆరు వారాల పాటు ఆ మందు ఆపి ఉండాలంటారు. మీకు ఇంకా మూడు వారాలే అయింది. పరీక్షలో ఉందని వస్తే మైకోఫెనోలేట్ మళ్లీ మొదలుపెట్టొద్దు, మిగతా రెండూ ఆపొద్దు, ఆ రోజే మీ డాక్టరుకు ఫోన్ చేయండి. లేదని వస్తే వారం పది రోజుల తర్వాత ఇంకోసారి చూసుకోండి. ఏ దారిన వెళ్లాలో తేలేదాకా కండోమ్ వాడండి. గర్భనిరోధక మాత్రలు మీ అంతట మీరు కొనుక్కోవద్దు. ఈస్ట్రోజెన్ ఉన్న మాత్రలు లూపస్ ఉన్నవాళ్లలో కొందరికి రక్తం గడ్డకట్టే ముప్పు తెస్తాయి.

రెండోది, మూత్రంలో ప్రొటీన్–క్రియాటినిన్ నిష్పత్తి, అంటే మూత్రంలో ప్రొటీన్ ఎంత పోతోందో చెప్పే పరీక్ష. తిరుపతిలో ఏ మంచి ల్యాబ్‌లోనైనా చేస్తారు. దాంతోపాటు రక్తంలో క్రియాటినిన్, రక్తకణాల లెక్క, లూపస్ ఎంత చురుగ్గా ఉందో చెప్పే సీ3, సీ4, డీఎస్‌డీఎన్‌ఏ యాంటీబాడీల పరీక్షలు చేయించి, బీపీ చూపించుకోండి. కషాయం తాగుతున్నారు కాబట్టి లివర్ పరీక్ష కూడా చేర్చండి. ‘ఏమీ తేడా తెలియడం లేదు’ అని రాశారు. మాకు కంగారు పుట్టించిన మాట అదే. లూపస్ కిడ్నీ మీద పడ్డప్పుడు నొప్పి ఉండదు. మందు ఆపిన వారాలకో నెలలకో ప్రొటీన్ పోవడం మొదలవుతుంది. మూత్రం నురగ కట్టడం, పొద్దున కళ్ల కింద ఉబ్బడం, సాయంత్రానికి పాదాలు వాయడం ఆ తర్వాతెప్పుడో కనిపిస్తాయి. అంతదాకా వచ్చేసరికి కొంత నష్టం జరిగిపోయి ఉంటుంది. ఫలితాలు చేతికొచ్చాక, మందు మానిన సంగతి దాచకుండా వేలూరు డాక్టరుకు చెప్పండి. ఇలా మానేవాళ్లను వాళ్లు రోజూ చూస్తుంటారు, తిడతారేమోనని వెనకాడొద్దు. వెంటనే వెళ్లడం కుదరకపోతే ఈలోపు మీ ఊళ్లోనే స్విమ్స్ ఆస్పత్రిలో కిడ్నీ విభాగం ఉంది, అక్కడ చూపించుకోండి.

ప్రెడ్నిసొలోన్ 5 మిల్లీగ్రాములే కదా అని దాన్నీ మానేయబోతారేమో, అది వద్దు. నెలల తరబడి బయటి నుంచి స్టెరాయిడ్ అందుతుంటే కిడ్నీల మీద ఉండే అడ్రినల్ గ్రంథులు తమ వంతు తయారీ తగ్గించేస్తాయి. ఒక్కసారిగా ఆపితే బీపీ పడిపోవడం, వాంతులు, లేవలేనంత నీరసం. దాన్ని డాక్టరు కొద్దికొద్దిగానే తగ్గించాలి.

ఇక మీ అత్తగారి ప్రశ్న. ‘మన ఒళ్లు మనల్నే తింటాదా యాడన్నా?’ అనేది తీసిపారేయాల్సిన మాట కాదు. 1900 ప్రాంతంలో జర్మనీలో పాల్ ఎర్లిక్ అనే శాస్త్రవేత్త కూడా, ఒళ్లు తనను తాను విషంగా చూడటానికి ఒప్పుకోదనే వాదించాడు. తర్వాత ఆయనకు నోబెల్ కూడా వచ్చింది. ఆ మాట పట్టుకుని అయిదు దశాబ్దాల పాటు వైద్యలోకంలో చాలామంది ఇలాంటి జబ్బులు ఉండవనే నమ్మారు. 1956లో కుందేళ్లకు కుందేలు థైరాయిడ్ సారాన్నే ఎక్కించి చూస్తే, వాటి ఒళ్లు సొంత థైరాయిడ్ మీదే దాడి చేసింది. అదే ఏడాది థైరాయిడ్ వాపు ఉన్న మనుషుల రక్తంలోనూ సొంత థైరాయిడ్‌ను గుర్తుపట్టే యాంటీబాడీలు దొరికాయి. అప్పటి నుంచి ప్రశ్న తిరగబడింది: ఒళ్లు తన మీద తాను ఎందుకు దాడి చేస్తుందన్నదానికన్నా, మిగతా అందరిలో ఎందుకు చేయడం లేదన్నది అసలు వింత అని తెలిసింది.

ఎందుకు వింతంటే, మన రక్షణ కణాలు తయారయ్యే తీరే అలాంటిది. టీ కణం, బీ కణం అని రెండు రకాలు. ఒక్కో కణం మీద ఒక్కో ఆకారాన్ని పట్టుకునే గ్రాహకం ఉంటుంది. రేపు ఏ కొత్త క్రిమి వస్తుందో ఒంటికి తెలియదు. మనిషికి ఉన్న జన్యువులు సుమారు 20 వేలు, క్రిమి క్రిమికీ ఒక జన్యువు దాచుకోవడం కుదరదు. కాబట్టి కొన్ని జన్యు ముక్కలను ప్రతి కణంలోనూ ఇష్టమొచ్చినట్టు కలిపి, కోట్లాది వేర్వేరు గ్రాహకాలను తయారుచేస్తుంది. ఎప్పుడూ చూడని వైరస్‌ను కూడా పట్టుకునే కణం ఎక్కడో ఒకటి ఉండటం దీని పుణ్యమే. అలా గుడ్డిగా తయారైనవాటిలో కొన్ని సొంత కిడ్నీని, సొంత చర్మాన్ని పట్టుకునేవి కూడా ఉండి తీరతాయి. మీలోనే కాదు, మీ అత్తగారిలోనూ, ఈ జవాబు చదువుతున్న ప్రతి ఒక్కరిలోనూ తయారవుతాయి.

మీరు తిరుపతివాళ్లు, కాబట్టి అలిపిరి గుర్తుకు తెచ్చుకోండి. కొండెక్కే ప్రతి బండినీ, ప్రతి సంచినీ అక్కడ ఆపి వెతుకుతారు. అంత వెతికినా ఎవరో ఒకరు జేబులో సిగరెట్ పెట్టె దాచుకుని పైకి వెళ్లిపోతారు. అందుకే కొండ మీద కూడా విజిలెన్స్ వాళ్లు తిరుగుతుంటారు. ఒంట్లోనూ ఇలాగే రెండు అంచెలు.

మొదటి అంచె రొమ్ము ఎముక వెనక, గుండెకు కాస్త పైన ఉండే థైమస్ గ్రంథి. చిన్నప్పుడు పెద్దదిగా ఉండి, యవ్వనం దాటాక కుంచించుకుపోతుంది. టీ కణాలు మూలుగలో పుట్టి ఇక్కడికి వచ్చి రెండు పరీక్షలు రాస్తాయి. మన కణాలు తమ ఉపరితలం మీద చూపించే ప్రొటీన్ ముక్కలను అసలు చదవగలదా అన్నది ఒకటి. చదవలేని కణం అక్కడే చచ్చిపోతుంది. సొంత ప్రొటీన్‌ను మరీ గట్టిగా పట్టుకుంటుందా అన్నది రెండోది. పట్టుకుంటే దానికీ చావే. ఈ రెండూ దాటి బయటికొచ్చేవి నూటికి అయిదు కూడా ఉండవు. ఇంత వృథానా అనిపిస్తుంది కానీ, ఈ ఖర్చు పెట్టకపోతే బతుకే లేదు.

ఇక్కడొక అనుమానం రావాలి. ఛాతీలో ఉన్న గ్రంథికి క్లోమంలో తయారయ్యే ఇన్సులిన్ ఎలా ఉంటుందో ఎలా తెలుసు? థైమస్‌లోని కొన్ని కణాల్లో ఎయిర్ అనే జన్యువు పనిచేస్తుంది. ఇన్సులిన్, థైరాయిడ్ ప్రొటీన్ లాంటి, వేరే అవయవాల్లో మాత్రమే ఉండాల్సిన వేలాది ప్రొటీన్లను అది థైమస్‌లోనే కొంచెం కొంచెం తయారుచేయించి, టీ కణాల ముందు పెడుతుంది. 1997లో దీన్ని కనుక్కున్నారు. పుట్టుకతోనే ఈ జన్యువు చెడిపోయిన పిల్లల్లో పారాథైరాయిడ్, అడ్రినల్ లాంటి గ్రంథుల మీద ఒకదాని తర్వాత ఒకటిగా సొంత కణాలే దాడి చేస్తాయి. ఒకే ఒక్క జన్యువు పోతే ఇంత జరుగుతుందంటే, ఈ తనిఖీ ఎంత ముఖ్యమో ఊహించుకోండి. బీ కణాలకు ఇలాంటి పరీక్ష మూలుగలోనే జరుగుతుంది. సొంతవాటిని పట్టుకునే బీ కణానికి గ్రాహకాన్ని మార్చుకునే అవకాశం ఒకటి ఇస్తారు, మారకపోతే తీసేస్తారు.

అయినా కొన్ని తప్పించుకుంటాయి. అక్కడ పనిచేసేది రెండో అంచె. బయట తిరిగే టీ కణం తనకు సరిపోయే ప్రొటీన్‌ను చూసినంత మాత్రాన విరుచుకుపడదు. పక్కన నిజంగా క్రిమి ఉందని, కణజాలం దెబ్బతిందని చెప్పే రెండో సంకేతం కూడా అందాలి. అది లేకుండా మొదటిదే అందితే కణం మొద్దుబారిపోతుంది. ఇవి చాలవన్నట్టు, మిగతావాటిని అదుపులో పెట్టడమే పనిగా ఉన్న నియంత్రణ టీ కణాలు ఉన్నాయి. వీటిని 1995లో జపాన్‌కు చెందిన షిమోన్ సకాగుచి గుర్తించాడు. వీటికి ఆయువుపట్టయిన ఫాక్స్‌పీ3 జన్యువును 2001లో అమెరికాలో మేరీ బ్రంకో, ఫ్రెడ్ రామ్స్‌డెల్ బయటపెట్టారు. ఈ ముగ్గురికీ 2025 నోబెల్ వైద్య బహుమతి వచ్చింది. ఆ జన్యువు చెడిపోయి పుట్టే మగపిల్లలకు నెలల వయసులోనే ఆగని విరేచనాలు, మధుమేహం, ఒళ్లంతా ఎగ్జిమా దద్దులు వస్తాయి.

ఈ అదుపు ఎంత అవసరమో కేన్సర్ వార్డుల్లో ఇప్పుడు రోజూ కనిపిస్తోంది. టీ కణాలను ఆపే సంకేతాలను అడ్డుకుని, వాటిని కేన్సర్ మీదికి వదిలే మందులు వచ్చాయి. 2018 నోబెల్ వాటికి దారివేసిన పరిశోధనకే. ఆ మందులు ఎందరినో బతికిస్తున్నాయి, అదే సమయంలో కొందరిలో పెద్దపేగు వాపు, థైరాయిడ్ దెబ్బతినడం, కీళ్లవాతం తెచ్చిపెడుతున్నాయి. మంచి ఆరోగ్యం ఉన్న థైరాయిడ్ మీదికి వెళ్లే కణాలు వాళ్లలో ముందే ఉన్నాయి, అదుపు తీసేసరికి బయటపడ్డాయి. మీ అత్తగారు అడిగినదానికి జవాబు ఇందులోనే ఉంది. మీకు బలం లేక ఈ జబ్బు రాలేదు. ఉన్న బలానికి అదుపు తప్పింది.

మీ విషయంలో ఏ అదుపు తప్పిందంటే, ఒకే కారణం చూపించలేం. లూపస్‌లో కొట్టొచ్చినట్టు కనిపించేది ఒకటుంది. ఒంట్లో రోజూ కోట్ల కణాలు చచ్చిపోతుంటాయి. వాటిని లోపలి డీఎన్‌ఏ బయటికి చెదరకముందే వేరే కణాలు మింగేయాలి. ఈ శుభ్రం చేసే పనిలో సాయపడే సీ1క్యూ అనే ప్రొటీన్ పుట్టుకతోనే లేనివాళ్లలో ఎక్కువమందికి లూపస్ వస్తుంది. మిగతా లూపస్ రోగుల్లో అంత సూటిగా కాకపోయినా చాలామందికి ఈ పని మందగిస్తుంది. బయటపడ్డ డీఎన్‌ఏను ఒళ్లు వైరస్ డీఎన్‌ఏ అనుకుని పొరపడుతుంది, అంటే లేని ప్రమాదానికి రెండో సంకేతం మోగుతుంది. అప్పటిదాకా మొద్దుబారి ఉన్న బీ కణాలు లేచి డీఎన్‌ఏ మీద యాంటీబాడీలు తయారుచేస్తాయి. ఆ యాంటీబాడీలూ డీఎన్‌ఏ ముక్కలూ గుంపులుగా చేరి కిడ్నీలోని వడపోత జల్లెడల్లో ఇరుక్కుంటాయి. మీ మూత్రంలో ప్రొటీన్ పోయింది అందుకే. ఎండకూ దీనికీ సంబంధం ఇదే: ఎండలోని అతినీల కిరణాలు చర్మకణాలను చంపుతాయి, బయటపడే డీఎన్‌ఏ పెరుగుతుంది. పదిమంది రోగుల్లో తొమ్మిదిమంది ఆడవాళ్లే కావడంలో హార్మోన్లకూ, రెండు ఎక్స్ క్రోమోజోములు ఉండటానికీ పాత్ర ఉంది. మీరు తిన్నదానివల్లో, చేసిన పాపంవల్లో వచ్చింది కాదు.

ఇప్పుడు కషాయం సంగతి. తిప్పతీగ పనిచేయదని మేము అనడం లేదు. పనిచేస్తుందనే మా భయం. రక్షణ కణాలను రెచ్చగొడుతుందన్న పేరే కదా దానికి! కోవిడ్ రోజుల్లో జనం దాన్ని విపరీతంగా తాగాక, లివర్ వాచి కామెర్లతో ఆస్పత్రుల్లో చేరినవాళ్ల వివరాలను ముందు ముంబై డాక్టర్లు, తర్వాత 2022లో దేశంలోని 13 కేంద్రాల డాక్టర్లు కలిసి 43 మంది రోగుల లెక్కతో ప్రచురించారు. వాళ్లలో చాలామందిలో కనిపించింది సొంత లివర్ మీద రక్షణ కణాలు దాడి చేసే తరహా వాపు. ఆయుష్ శాఖ దీన్ని ఒప్పుకోలేదు. తిప్పతీగను పోలిన వేరే తీగ వాడి ఉంటారని వాదించింది. ఆ వాదన ఎలా తేలినా, లూపస్ ఉన్న మీరు దాన్ని మీ మీద ప్రయోగించి చూడాల్సిన అవసరం లేదు. అశ్వగంధతో కూడా లివర్ దెబ్బతిన్న రోగుల వివరాలు అచ్చయ్యాయి. రెండూ ఆపేయండి. ఆపినట్టు డాక్టరుకు చెప్పండి. ‘ఇమ్యూనిటీ పెంచుతుంది’ అని అమ్మే ఎకినేసియా, అల్ఫాల్ఫా మాత్రలూ ఈ లెక్కలోకే వస్తాయి. అన్నట్టు, కీళ్ల నొప్పికి మెడికల్ షాపులో అడిగి డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్ తెచ్చుకునే అలవాటుంటే అదీ మానండి, కిడ్నీకి మంచిది కాదు. పారాసెటమాల్ ఫర్వాలేదు.

అత్తగారికి కషాయం వద్దని మాత్రమే చెప్తే ఆమె ఆప్యాయతను తోసేసినట్టవుతుంది. ఆమె చేతికి వేరే పని ఇవ్వండి. స్టెరాయిడ్ వాడేవాళ్లకు ఎముకలు పలచబడతాయి, కాల్షియం కావాలి. రాగిసంగటి, పాలు, పెరుగు ఆమె వంటింట్లో ఉన్నవే. కూరలో ఉప్పు తగ్గించడం, ఊరగాయ, అప్పడం రోజూ పెట్టకపోవడం మీ కిడ్నీకి, బీపీకి కషాయం కన్నా ఎక్కువ మేలు. ‘అత్తా, ఇవి నా బలాన్ని తీసే మాత్రలు కావు, నా కిడ్నీ మీదికే వస్తున్న కణాలను ఆపే మాత్రలు’ అని చెప్పి చూడండి. ఒక్కసారికే ఒప్పుకుంటారన్న ఆశ మాకు లేదు.

బిడ్డ విషయానికి వద్దాం. లూపస్ ఉన్నవాళ్లు పిల్లల్ని కనలేరన్నది పాత మాట. సరైన సమయం చూసుకుని కంటే ఎక్కువమందికి ప్రసవం క్షేమంగానే జరుగుతోంది. మీకిన్నాళ్లు నెల తప్పకపోవడానికి మాత్రలే కారణం అనడానికి ఆధారం లేదు. మైకోఫెనోలేట్ గర్భం రాకుండా ఆపదు, వచ్చినదాన్ని చెడగొడుతుంది. మీ ముందు ఉన్న దారులు మూడు.

ఒకటి, మైకోఫెనోలేట్ మళ్లీ మొదలుపెట్టి, కిడ్నీ పూర్తిగా సద్దుమణిగేదాకా వాడి, తర్వాత బిడ్డ గురించి ఆలోచించడం. కిడ్నీ లూపస్‌కు సాధారణంగా మూడేళ్లయినా మందు వాడిస్తారు. మీకు ఇంకో ఏడాదిన్నర. అప్పటికి మీ వయసు ముప్పై ప్రాంతమే, ఆలస్యమేమీ కాదు. కిడ్నీకి ఇది అన్నిటికన్నా భద్రం. ఇంట్లో మాటలు పడటం దీని కష్టం.

రెండోది, డాక్టరుతో మాట్లాడి మైకోఫెనోలేట్ స్థానంలో అజాథయోప్రిన్‌కు మారడం. ఇది గర్భంలోనూ, పాలిచ్చేటప్పుడూ వాడదగిన మందు. మోతాదు బరువుకు కిలోకు రెండు మిల్లీగ్రాములు దాటనివ్వరు. మొదటి నెలల్లో రక్తకణాల లెక్క తరచూ చూడాలి. మన దేశంలో కొందరికి న్యూడ్‌టీ15 అనే జన్యువు తేడావల్ల తెల్లకణాలు హఠాత్తుగా పడిపోతాయి, జుట్టు మొత్తం రాలుతుంది. ముందే ఆ పరీక్ష చేయించుకోవచ్చు. మారాక జబ్బు తిరగబెట్టదని చూసుకోవడానికి కనీసం ఆరు నెలలు ఆగాలి. ఆ ఆరు నెలలూ ప్రొటీన్ నిష్పత్తి 0.5 లోపే ఉండి, బీపీ బాగుంటే అప్పుడు ప్రయత్నించడం. కొందరికి ఈ మార్పిడిలోనే జబ్బు లేస్తుంది, అప్పుడు మొదటి దారికి తిరిగి రావాలి.

మూడోది ఇప్పుడు మీరు నడుస్తున్నది: మందు ఆపేసి, దాని బదులు ఏదీ లేకుండా ప్రయత్నించడం. ఈ దారిలో గర్భం వచ్చి, అదే సమయంలో కిడ్నీ జబ్బు లేస్తే తల్లికి విపరీతమైన బీపీ, నెలలు నిండకుండా కాన్పు, బిడ్డ దక్కకపోవడం, కిడ్నీ శాశ్వతంగా పోవడం, వీటిలో ఏదైనా జరగొచ్చు. అప్పుడు వాడగలిగే మందులూ తక్కువే ఉంటాయి.

మా మొగ్గు రెండోదాని వైపు. ఈ వారం మూత్రపరీక్ష బాగుంటేనే. ప్రొటీన్ ఇప్పటికే పెరిగి ఉంటే మొదటిదే సరైనది. ఏ దారైనా హైడ్రాక్సీక్లోరోక్విన్ గర్భంలో కూడా ఆపకూడదు. దాన్ని ఆపితే జబ్బు తిరగబెట్టే ముప్పు పెరుగుతుంది. రోజుకు కిలోకు 5 మిల్లీగ్రాములు దాటకూడదు, మీ బరువుకు 300 సరిపోయింది. కంటి రెటీనా పరీక్ష మొదటి ఏడాదిలో ఒకసారి, అయిదేళ్ల తర్వాత ఏటా. మొదటిది చేయించకపోయి ఉంటే ఇప్పుడు చేయించండి.

ప్రయత్నించే ముందు రెండు రక్తపరీక్షలు తప్పనిసరి. యాంటీ ఫాస్ఫోలిపిడ్ యాంటీబాడీలు ఉంటే రక్తం గడ్డకట్టడం, గర్భాలు పోవడం జరగొచ్చు. పన్నెండు వారాల తేడాతో రెండుసార్లు చూసి, ఉంటే అవసరాన్నిబట్టి ఆస్పిరిన్, హెపారిన్ ఇస్తారు. రెండోది యాంటీ రో. ఇది మాయ గుండా బిడ్డకు చేరి, నూటికి ఇద్దరు బిడ్డల్లో గుండె కొట్టుకునే వేగం పడిపోయేలా చేయొచ్చు. ఉంటే నాలుగో నెల నుంచి ఆరో నెల దాకా బిడ్డ గుండెకు స్కానింగులు ఉంటాయి. యాంటీబాడీలు ఉన్నా లేకున్నా, గర్భంతో ఉండగా బీపీ పెరగకుండా మూడో నెల నిండాక చిన్న మోతాదు ఆస్పిరిన్ మొదలుపెడతారు. బీపీకో, ప్రొటీన్‌కో మీకు రామిప్రిల్, టెల్మిసార్టాన్ లాంటిది ఏదైనా రాసి ఉంటే, నెల తప్పిందని తెలిసిన రోజే అది మార్చాలి. ముందే అడిగి పెట్టుకోండి.

ఎవరికి ఎంత చెప్పాలన్నది మీ ఇష్టం, కానీ మీ ఆయనకు మాత్రం మొత్తం చెప్పాలి. మందు మానిన సంగతితో సహా. తల్లికి ఎదురుచెప్పమని అడగొద్దు. వచ్చే వేలూరు ప్రయాణానికి పక్కన కూర్చోమనండి చాలు. బిడ్డ ఎప్పుడు అన్న మాట డాక్టరు నోట ఆయన విని, ఇంటికొచ్చి ‘ఆరు నెలలు ఆగమన్నారు’ అని ఆయనే చెప్తే, మీరు చెప్పినప్పుడు జరిగే రభసలో సగం ఉండదు. అత్తగారినీ తీసుకెళ్లొచ్చు. కొందరు పెద్దవాళ్లు తెల్లకోటు ముందు మెత్తబడతారు, కొందరు అక్కడే వాదానికి దిగుతారు. ఆమె ఏ తరహానో మీకే తెలుసు.

చెల్లెలి సంగతి. లూపస్‌లో జన్యువుల పాత్ర ఉంది కానీ వంశంలో ఒకరి నుంచి ఒకరికి ఖాయంగా వచ్చే జబ్బు కాదు. అచ్చం ఒకేలా ఉండే కవలల్లోనే ఒకరికి ఉంటే రెండోవారికి రాకపోవడమే ఎక్కువ. మామూలు తోబుట్టువుల్లో నూటికి తొంభై అయిదు మందికి పైగా రాదు. ఆమెకు ఏ లక్షణమూ లేకుండా ‘ఒకసారి చూద్దాం’ అని ఏఎన్‌ఏ పరీక్ష (లూపస్ అనుమానం ఉంటే మొదట చేసే రక్తపరీక్ష) చేయించవద్దు. ఆరోగ్యంగా ఉన్నవాళ్లలో కూడా అది తక్కువ స్థాయిలో చాలామందికి పాజిటివ్ వస్తుంది, లూపస్ ఉన్నవాళ్ల బంధువుల్లో ఇంకాస్త ఎక్కువ. ఆ కాగితం ఒకటి పుట్టిందంటే లేని జబ్బుకు సంబంధాలు తప్పిపోతాయి. మీ జబ్బును ఊరంతా చాటాల్సిన పని లేదు. అడిగినవాళ్లకు ‘కీళ్ల జబ్బు, వేలూరులో చూపిస్తున్నాం’ అంటే అబద్ధమూ కాదు. అయితే చుట్టాలొచ్చిన రోజు మాత్రలు దాచి, వేసుకోవడం మానడం దాకా ఈ గుట్టు పోకూడదు. సంబంధం ఖాయమయ్యే దశలో అబ్బాయి తరఫువాళ్లు సూటిగా అడిగితే నిజం చెప్పమని మీ నాన్నకు చెప్పండి. పెళ్లయ్యాక తెలిస్తే మాటలు పడేది మీ చెల్లెలు.

మొక్కు తీర్చుకోవచ్చు. కాకపోతే పరీక్షలన్నీ బాగున్నాయని తేలాక, ఎండలు ముదరని నెలల్లో. అలిపిరి దారిలో 3,550 మెట్లు, చాలావరకు పైన కప్పు ఉంది. వీలైనంత పొద్దున్నే మొదలుపెట్టి, ఎండ ఎక్కేలోపు పైకి చేరేలా చూసుకోండి. కీళ్లు వాచి ఉన్న రోజున బస్సులో వెళ్లండి. ముఖానికి, మెడకు, చేతులకు ఎస్‌పీఎఫ్ 30కి తక్కువ కాని సన్‌స్క్రీన్ రాయండి. ముఖానికీ మెడకూ కలిపి రెండు వేళ్ల పొడవునా పిండినంత కావాలి, చెమట పడుతుంది కాబట్టి రెండు గంటలకోసారి మళ్లీ. గుండు చేయించుకుంటే జుట్టు మళ్లీ రాదన్న భయం అక్కర్లేదు. లూపస్‌లో మామూలుగా రాలే జుట్టు తిరిగి మొలుస్తుంది. మాడు మీద మచ్చ పడి, అక్కడ చర్మం నున్నగా అయిపోతేనే రాదు. అలాంటి మచ్చ ఉంటే ముందు చర్మం డాక్టరుకు చూపించండి. గుండు తర్వాత మాడుకు ఎండ సూటిగా తగులుతుంది, కొంగు పలచగా ఉంటుంది కాబట్టి మందపాటి నూలు గుడ్డ కట్టుకోండి. కత్తి గాటు పడితే శుభ్రంగా కడిగి చూసుకుంటూ ఉండండి. ఈ మందుల మీద ఉన్నప్పుడు చిన్న గాయం కూడా చీము పట్టొచ్చు. ఇంటికొచ్చాక జ్వరం 100.4 దాటితే, అలసటవల్ల వచ్చిందనుకుని పడుకోకుండా ఆ రోజే డాక్టరుకు చూపించుకోండి.